మరకంటె ముందు గీత

పడవ అనగానే మనకు గోదావరి గుర్తుకు వస్తుంది. తెరచాపలు, లాకులు, లాంచీలు, సరంగులు - ఇవన్నీ డెల్టా వారి సొత్తనీ, మెట్టప్రాంతం వారికి వాటితో నిమిత్తం లేదనీ ఒక అభిప్రాయం లోకంలో నాటుకొని పోయినది. మా కొత్తకోట పరిసరాలను చూచినవారు ఆ అభిప్రాయమే సరియైనదనుకుంటారు. ఎర్రచెలకలు, రాతిగుట్టలు, వానకోసం ఎదురుచూచే చెరువులు గల ఈ సీమలో నీరు పొలానికి పారించుకొనేది, బిందెతో మోసుకొనేది. అంతేగాని నడిచే దారి కాదు. కాని రహదారి వెంట దక్షిణంగా పెబ్బేరు దాటి, బీచుపల్లి వంతెన మీద నిలిచి క్రిందికి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. అక్కడ కృష్ణ ఉన్నది. ఆ ఒడ్డున బ్రతికే చేపలవారికి నీరే బాట, నీరే చేను. రైతు ఇంటి ముందర ఎడ్లబండి ఎటువంటిదో, వారి ఇంటి ముందర బోర్లించిన పుట్టి అటువంటిది.

కుటుంబానికొక పడవ అనే మాట పాశ్చాత్య దేశాలలో విలాసాన్ని స్ఫురింపజేస్తుంది. ఇంగ్లండులో పాత సరుకుల కాలువల మీద నేడు ఎందరో సొంత మరపడవలలో, వంటకు, పడకకు ఏర్పాట్లు చేసుకొని, సెలవులు గడుపుతారు. అక్కడ పడవను మెరుగుపరచుకోవడం ఒక ముచ్చట. ఇక్కడ అది జీవనోపాధి. అయినా రెండు చోట్లా యజమాని ఎదుట నిలిచే ప్రశ్న ఒక్కటే. చేతిలో నాలుగు డబ్బులు ఉన్నప్పుడు పడవలో మొదట బాగుపరచవలసినది ఏది? చాలామంది తడుముకోకుండా 'ఇంజను' అంటారు. ఆ జవాబు సరియైనది కాదని నిరూపించడమే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

ముందుగా పుట్టిని గురించి రెండు మాటలు. వెదురుతో బుట్టవలె అల్లి, పైన తోలు కప్పిన ఈ గుండ్రని పడవ అతి ప్రాచీనమైనది. పదహారవ శతాబ్దంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఈ పడవలనే చూచి వర్ణించినాడు. పదిహేను ఇరవై మందిని మోయగలవనీ, అవసరమైతే గుర్రాలను, ఎడ్లను కూడా దాటించగలవనీ, అయితే తిన్నగా పోలేక ఎప్పుడూ గిరగిర తిరుగుతుంటాయనీ వ్రాసినాడు. ఆ తుంగభద్రయే అలంపురం సమీపాన మన కృష్ణలో కలుస్తున్నది. తోలు పోయి, తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చినవి. కొన్నిచోట్ల ఫైబరు పుట్లు కూడా వచ్చినవి. రూపం మాత్రం మారలేదు. అడుగు రాతికి తగిలినా పుట్టి వంగి జారిపోతుంది. ఒడ్డుకు వచ్చిన తరువాత ఒక్క మనిషి దానిని వీపున వేసుకొని ఇంటికి పోగలడు. చిరిగితే ఇంటివారే బాగుచేసుకుంటారు. రాతి మడుగులతో, సన్నని పాయలతో ప్రవహించే నదికి ఇంతకన్న తగిన పడవను ఏ ఇంజనీరు కల్పించగలడు?

కాని నది మారిపోయినది. 1980 తరువాత కొద్ది సంవత్సరాలలోనే శ్రీశైలం జలాశయం నిండనారంభించినది. ఊళ్ళు మునిగినవి; కూడవెల్లి, సోమశిల దేవాలయాలను రాయి రాయి విప్పి ఎత్తైన తావులలో తిరిగి కట్టవలసి వచ్చినది. ఎగువన జూరాల ఆనకట్ట వెలసినది. ఒకప్పుడు ఒడ్డు మీది మనిషిని కేకవేసి పిలువగలిగిన చోట నేడు ఆవలి గట్టు మసకగా కనిపిస్తుంది. నీటి వైశాల్యం పెరిగినకొద్దీ దాని మీద గాలి పరుగు కూడా పెరుగుతుంది. గాలి పరుగు పెరిగినకొద్దీ అల ఎత్తు పెరుగుతుంది. ఇటువంటి నీటిలో సాయంత్రపు గాలికి ఎదురుగా తెడ్డు వేయడం ఎంత కష్టమో వేసినవారికే తెలుసు. కనుక పడవకు మర కావాలని వారు కోరడం న్యాయం. మరను కాదనడం అవివేకం. అయితే నా వాదమంతా వరుసను గురించి.

ఇక్కడ పాఠశాలలో చదివే కొద్దిపాటి శాస్త్రం మనకు తోడ్పడుతుంది. మునిగి తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగిస్తుందని ఆర్కిమెడీస్ సూత్రం. 3 మీటర్ల వ్యాసంగల పుట్టికి నీటిమట్టం వద్ద వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. 60 కిలోల మనిషి ఒకడు ఎక్కితే అది ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు క్రిందికి దిగుతుంది. ఇది కంటికి ఆనే దిగుడు కాదు. అందుచేతనే 'ఇంకొకరు ఎక్కవచ్చు' అనే మాట పుడుతుంది. పదిమంది ఎక్కేసరికి అది ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అంచు ఎత్తులో ఆ మేరకు తరిగిపోయిన సంగతిని మొదటి అల వచ్చి చెబుతుంది. పది అశ్వశక్తుల చిన్న ఇంజను సుమారు 40 కిలోలు తూగుతుంది. పైగా ఆ బరువు నడుమ ఉండదు, వెనుక అంచున వేలాడుతుంది.

వేగాన్ని గురించి కూడా ఒక భ్రమ ఉన్నది. ఇంజను రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు అవుతుందని అనుకుంటాము. నీటిని చీల్చుకొని పోయే బరువైన పడవకు ప్రకృతియే ఒక హద్దు పెట్టినది. నీటిమట్టం వద్ద పడవ పొడవును మీటర్లలో కొలిచి, దాని వర్గమూలాన్ని నాలుగున్నరతో గుణిస్తే, ఇంచుమించుగా గంటకు ఎన్ని కిలోమీటర్లు పోగలదో తెలుస్తుంది. 4 మీటర్ల పడవకు 9 కిలోమీటర్లు. 9 మీటర్ల పడవకు పదమూడున్నర. ఆ హద్దు దాటించబోతే పడవ తాను లేపిన అలను తానే ఎక్కలేక వెనుకకు కుంగుతుంది; నూనె ఖర్చవుతుంది, దూరం తరుగదు. నీటి మీద తేలికగా జారిపోయే బల్లపరుపు పడవల లెక్క వేరు. వలలూ, మనుషులూ నిండిన ఇంటి పడవ ఆ జాతిది కాదు.

మెరుగుపరచడం పేరుతో పడవను చెడగొట్టిన ఉదాహరణలు చరిత్రలో తక్కువేమీ కాదు. 1628 ఆగస్టు 10వ తేదీన స్వీడన్ రాజుగారి 'వాసా' అనే మహానౌక స్టాక్‌హోం రేవు విడిచి, ఒకటిన్నర కిలోమీటరైనా పోకముందే చిన్న గాలికి ఒరిగి మునిగినది. రెండు అంతస్తుల నిండా ఫిరంగులు ఎక్కినవి గాని, ఆ పై బరువుకు తగిన వెడల్పు క్రింద లేదు. 1961లో దానిని పైకి తీసినారు. నేడు అది ప్రదర్శనశాలలో పాఠంగా నిలిచి ఉన్నది. ఆ పాఠం మనవరకు రాలేదు కాబోలు. 2023 మే 7వ తేదీన కేరళలోని తానూరు వద్ద విహారపు పడవ ఒకటి బోల్తాపడి పలువురు పిల్లలతో సహా 22 మంది ప్రాణాలు కోల్పోయినారు. అది చేపల పడవను మార్చి తయారుచేసినదని బయటపడినది. చేపలు పడవ అడుగున కదలక పడి ఉంటాయి. మనుషులు మేడమీదికి ఎక్కుతారు, వింత కనిపించిన వైపుకు ఒరుగుతారు. గురుత్వకేంద్రం ఎక్కడికి పోతుందో తొమ్మిదవ తరగతి విద్యార్థి చెప్పగలడు.

మన కృష్ణ కూడా ఈ దుఃఖాన్ని ఎరుగనిది కాదు. 2007 జనవరిలో శ్రీశైలం జలాశయంలో మంచాలకట్ట వద్ద పడవ మునిగి అరవై మంది వరకు మరణించినారు. ఆ ప్రమాదాన్ని తలచుకొనే ఇళ్ళు నేటికీ రెండు గట్ల మీద ఉన్నవి. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదలో కచ్చులూరు వద్ద మునిగిన లాంచీకి బలమైన ఇంజను లేక కాదు. యంత్రం ఉన్నంత మాత్రాన క్షేమం ఉన్నట్లు కాదని ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు.

ఈ మాటకు మా ప్రాంతంలోనే మరొక సాక్ష్యం ఉన్నది. ఒకప్పటి వనపర్తి సంస్థానాధీశులు రామేశ్వరరావుగారు తమ తల్లి సరళాదేవి పేరిట తలపెట్టిన సరళాసాగరం 1959లో ప్రారంభమైనది. నీరు నిండుమట్టానికి చేరగానే మనిషి చేయి తగలకుండానే తమంతట తాము తెరుచుకొనే సైఫన్లు దాని ప్రత్యేకత. దూరదేశాలలో పుట్టిన విద్య మన మెట్టసీమకు వచ్చినదని దశాబ్దాల తరబడి చెప్పుకొన్నాము. పిల్లలను తీసికొనిపోయి చూపించినాము. 2019 డిసెంబరు 31వ తేదీన ఆ జలాశయం ఖాళీ అయిపోయినది. ఎందువలన? తెగినది మట్టికట్ట. ఆ తరువాత కట్టను తిరిగి కట్టినారు, మంచిదే. కాని మనం ఎప్పుడూ మెరిసే యంత్రాన్ని మెచ్చుకుంటూ, దానిని మోసే సామాన్యమైన మట్టిని మరచిపోతాము. పడవ విషయంలో మట్టికట్ట ఏది? దాని అడుగు, దాని అంచు, అది మోయగల బరువు.

అందుచేత ఇంటి పడవను మెరుగుపరచేవారికి నా సలహా ఈ వరుసలో ఉన్నది: మొదట అడుగు గట్టితనం, రెండవది ఎక్కిన ప్రతివారికి ఒక ప్రాణరక్షక కవచం, మూడవది బరువు హద్దు తెలిపే గీత, నాల్గవది ఇంజను. ఈ నాలుగింటిలో ఖర్చు తక్కువైనదీ, మన నదుల మీద ఎక్కువగా అలక్ష్యానికి గురియైనదీ ఆ గీతయే. బ్రిటిషు పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ నౌకలను మోయలేనంత బరువుతో సముద్రం మీదికి పంపి నావికులను చంపుతున్నారని ఎలుగెత్తి పోరాడగా, 1876లో ప్రతి ఓడ ప్రక్కన బరువు గీత ఉండవలెనని చట్టం చేసినారు. అయితే ఆ గీతను ఎక్కడ గీయవలెనో యజమాని ఇష్టానికే వదలినారు! అది ఎంతటి వెర్రితనమో తెలియడానికి పద్నాలుగేళ్ళు పట్టినది. 1890లో గీత స్థానాన్ని కూడా ప్రభుత్వమే నిర్ణయించే ఏర్పాటు జరిగినది. లాభం పొందేవాడే హద్దు గీయరాదని దీని సారాంశం. మన దేశంలోనూ 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చినది. యంత్రంతో నడిచే పడవకు పరీక్ష, నమోదు, బీమా, నడిపేవారికి అర్హత కావలెనని అది చెబుతున్నది. ఇంగ్లండు కాలువల మీద విలాసంగా తిరిగే మరపడవ కూడా నాలుగేళ్ళకొకసారి రక్షణ పరీక్షకు నిలువవలసినదే. ధనవంతుని ముచ్చటకు ఉన్నంత తనిఖీ పేదవాని బ్రతుకుతెరువుకు ఉండవద్దా?

'పేదవానికి ఈ నీతులు దేనికి? ఇంజను నాలుగు రూపాయలు సంపాదించి పెడుతుంది. కవచం సంపాదించదు గదా' అని ఒకరు అడుగవచ్చు. ఆ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. అందుకే ఈ భారం అతనిపై మాత్రమే మోపరాదని నేనంటాను. ఇంజనుకు అప్పు గాని, సహాయం గాని ఇచ్చేవారు కవచాలను దానితోనే కలిపి ఇవ్వవలెను. గీత లేని పడవకు ఇంజను ఇవ్వరాదు. 'సోమశిలకూ సిద్ధేశ్వరానికీ నడుమ వంతెనకు 2022లో అనుమతి వచ్చినది గదా, ఇక పడవలెందుకు?' అని మరొకరు అనవచ్చు. వంతెన బస్సును దాటిస్తుంది. వల వేసేవానిని నడిమి నీటికి చేర్చదు. అదీగాక, 2024 నవంబరులో సోమశిల నుండి శ్రీశైలానికి విహారపు లాంచీ ప్రయాణాన్ని ప్రభుత్వమే ప్రారంభించినది. నీటి మీద మన రాకపోకలు పెరుగుతవే గాని తగ్గవు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఉత్ప్లవన సూత్రాన్ని నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పడంతో తృప్తిపడవద్దు. తరగతిలో ఒక నీళ్ళ తొట్టి, ఒక వెదురు బుట్ట, దానిపై ఒక ప్లాస్టిక్ కాగితం, కొన్ని గులకరాళ్ళు చాలును. రాళ్ళు నడుమ పెట్టి ఒకసారి, ఒక ప్రక్కకు జరిపి ఒకసారి, ఎత్తుమీద పేర్చి ఒకసారి చూపించండి. ఎన్ని రాళ్ళకు నీరు అంచు తాకినదో విద్యార్థులే లెక్కకట్టి, అందులో సగానికి ఒక గీత గీయనీయండి. రేపు వారు బీచుపల్లి రేవులోనో, సోమశిల రేవులోనో పడవ ఎక్కబోయే ముందు మొదట ఇంజనును చూడరు. గీత ఎక్కడ ఉన్నదని అడుగుతారు. పడవవాడు గీత లేదంటే, ఎక్కకుండా ఒడ్డున నిలిచే ధైర్యం వారికి ఉండవలెను. ఒక తరం పిల్లలు అట్లా ఒడ్డున నిలిస్తే, ఒక డబ్బా తెల్లరంగు కొనడానికి ఏ యజమానీ వెనుదీయడు.