ఆటస్థలములు – తలుపులు

కొత్తగూడ ప్రాంతమున ఆకాశమంటు సౌధములు లేచినవి. వానిలో పెక్కింట ప్రాకారములోపల బాస్కెట్‌బాల్ ఆటస్థలములును గలవు. కాని ద్వారముచెంత కావలివాడుండును. ఆ గోడలు కట్టిన కూలీల బిడ్డలకు లోనికి త్రోవలేదు. బంతియాట కింత చింత యేలయని కొందరనవచ్చును. ఒకరిని వెలుపల నిలుపుటవలన నష్టపడునది వారొక్కరే కాదని తెలుపు వృత్తాంతము నొకదానిని మా పాఠకులకు విన్నవింతుము.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, మెక్సికో సరిహద్దుపై నున్న ఎల్‌పాసో నగరమున, టెక్సాస్ వెస్టర్న్ కళాశాల యుండెను. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములలో పెక్కు విద్యాలయములు నల్లజాతి యువకులను తమ జట్లలో చేర్చుకొనెడివి కావు. ఈ కళాశాల శిక్షకుడు డాన్ హాస్కిన్సు న్యూయార్కు, డిట్రాయిట్, గ్యారీ, హ్యూస్టను నగరములనుండి అట్టి యువకులను రప్పించి జట్టు కూర్చెను. 1965–66 క్రీడాకాలమున ఆ జట్టు 28 పోటీలు గెలిచి ఒక్కదానిలో మాత్రమే ఓడెను. 1966 మార్చి 19వ తేదీని జరిగిన జాతీయ కళాశాలల తుదిపోటీలో పేరుమోసిన కెంటకీ విశ్వవిద్యాలయమును 72–65తో ఓడించెను. కెంటకీ జట్టున నల్లవాడొక్కడును లేడు. టెక్సాస్ వెస్టర్న్ పక్షమున ఆనాడు ఆడిన ఏడుగురును నల్లవారే. నల్లవారు పరుగెత్తగలరుగాని ఆలోచనతో ఆట నడుపలేరను అపవాదము అప్పటికి ప్రబలియుండెను. బాబీ జో హిల్ ఒక్కడే 20 పాయింట్లు సాధించి ఆటను నడిపినపిమ్మట ఆ మాటకు విలువ లేకపోయెను. 1969లో కెంటకీయే తన తొలి నల్లజాతి ఆటగానిని చేర్చుకొనెను. హాస్కిన్సు తలుపు తెరచుట దానము కాదు; అదియే అతని గెలుపు.

ప్రతిభ గలవాడెట్లైనను పైకి వచ్చునని కొందరందురు. మన నగరచరిత్రయే దీనికి బదులు చెప్పును. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీము తీర్చిన హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాస్ బలరాము, రహీము శిక్షణలోనే, 1956 మెల్బోర్ను ఒలింపిక్సున నాల్గవస్థానము పొందిన భారత జట్టునందును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టునందును ఉండెను. ప్రతిభ బలరామునిది; దానిని చూచిన కన్ను రహీముది. చూచువాడును, ఆడుటకు చోటును లేనిచో ప్రతిభ యేమగును?

2002 జాతీయ క్రీడలకై గచ్చిబౌలిలో కట్టిన మహాక్రీడాప్రాంగణము కొత్తగూడకు చేరువనే యున్నది. కాని పిల్లవాడు తొలుత బంతి పట్టవలసినది తన యింటిచెంతనే. బాస్కెట్‌బాలునకు వలయు స్థలము పొడవు 28, వెడల్పు 15 మీటర్లు. అనగా ఇంచుమించుగా ఎకరములో పదవవంతు. మేడలోనే తరగతులు నడుపుచు అంతపాటి నేలయు చూపని కళాశాలలను గుర్తింపు నిచ్చు అధికారులు గట్టిగా ప్రశ్నింపవలయును.

మా పాఠకులలో కళాశాలల పాలకవర్గములందును, నివాససంఘములందును మాట చెల్లువారు కలరు. ఉన్న ఆటస్థలములను దినమునకు రెండు గంటలైనను చుట్టుపట్ల పిల్లలకు విడువుడనియు, వారిని కనిపెట్టి నేర్పుట కొక ఉపాధ్యాయుని నియమింపుడనియు వారిని కోరుచున్నాము. దీనికగు వ్యయము స్వల్పము. గోడవెలుపల నిలిచిన బిడ్డలలో మరియొక బలరాముడున్నాడో లేడో తలుపు తీసిననేగాని తెలియదు.