రొయ్యకూ బ్యాకప్ కావాలి

ఆదోని యార్డులో పత్తి రేటు చూసుకునే మనకు సముద్రంలో రొయ్యల గొడవ ఎందుకంటారా? రెండూ ఒకే కథ. బీటీ పత్తి 2002లో వచ్చింది. ప్యాకెట్ల మీద పేర్లు వందలు, లోపల పురుగును చంపే బీటీ జన్యువులు మాత్రం ఒకటో రెండో. గులాబీ రంగు పురుగు వాటికి అలవాటు పడిపోయింది. తర్వాత ఏమైందో మన రైతులకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కోస్తాకు పోదాం. 1990ల్లో అక్కడ చెరువుల నిండా టైగర్ రొయ్యే. తల్లి రొయ్యను సముద్రంలో పట్టి హేచరీకి తెచ్చేవాళ్లు. ఒక్క తల్లి లక్షల గుడ్లు పెడుతుంది. అంటే చెరువులో ఈదేవాటిలో చాలా వరకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. 1994-95లో తెల్లమచ్చల వైరస్ దిగింది, చెరువులకు చెరువులే ఖాళీ అయ్యాయి. పైగా ఆ వైరస్ తల్లి నుంచి పిల్లకూ వస్తుంది.

అందుకే 2009 నుంచి వనామి. ఇది మన సముద్రానిది కాదు, అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిది. పరీక్ష చేసిన తల్లి రొయ్యలు విమానంలో వచ్చి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి, హేచరీలకు చేరతాయి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: రోగం లేకపోవడం వేరు, రోగాన్ని తట్టుకోవడం వేరు. ఫోన్‌లో ఇవాళ వైరస్ లేదంటే రేపు రాదని కాదు కదా!

తట్టుకునే రకం కావాలంటే ఏరుకోవాలి. ఏరుకోవాలంటే ముందు తేడాలు ఉండాలి. ఆ తేడాలనే జన్యు వైవిధ్యం అంటాం. సముద్రంలో లెక్కలేనన్ని తల్లులు, ప్రవాహాల్లో కొట్టుకుపోయి కలిసిపోయే పిల్లలు. ఒకటి ఉప్పుకు ఓర్చుకుంటుంది, ఇంకోటి వేడికి. కొద్దిపాటి తల్లుల నుంచే తరతరాలుగా పిల్లలు తీస్తే ఆ తేడాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. పోయినదాన్ని వెనక్కి తేవడానికి అన్‌డూ బటన్ లేదు. చెన్నైలోని సీబా సంస్థ మన తెల్ల రొయ్యను మెరుగుపరిచే పనిలో ఉంది. ఇలాంటి పనికి మూలధనం అడవి రొయ్యే.

మన పల్లెల్లో పెద్దోళ్లు జొన్న, కొర్ర విత్తనం కుండలో దాచేవాళ్లు. రొయ్యకు ఆ కుండ సముద్రమే, కాకినాడ దగ్గర కోరింగ లాంటి మడ అడవులే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపేది గుడ్లు పెట్టే తల్లులకు గడువివ్వడానికే. దేశంలో రొయ్యల సాగులో మన రాష్ట్రమే ముందుంది. మడలు నరికి, వలల్లో పిల్లలతో సహా ఊడ్చేస్తే, తర్వాతి రోగం వచ్చినప్పుడు ఏరుకోవడానికి ఏం మిగులుతుంది?