పాత వెల్డింగ్ మిషన్ కొనబోయే ముందు

ఇంటి దగ్గరే గేట్లు, పనిముట్లు అతుక్కోవడానికి పాత వెల్డింగ్ మిషన్ కొనదలచారా? మొదట దానిమీది రేకు చదవండి. 415 వోల్టులు మాత్రమే అని ఉంటే ఇంటి 230 వోల్టుల కరెంటుకు పనికిరాదు. డ్యూటీ 60 శాతం అంటే, ఆ ఆంపియర్ల వద్ద పది నిమిషాల్లో ఆరు నిమిషాలే అతకాలి. నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలి.

అమ్మేవారి ఎదుటే 2.5 మి.మీ. రాడ్డుతో అతికి చూడండి. కాలిన వాసన వచ్చినా, ఆయిలు కారినా బేరం మానుకోండి. ఆ చిన్న రాడ్డుకే మిషన్ 20 ఆంపియర్లకు పైగా లాగవచ్చు. 16 ఆంపియర్ల ప్లగ్గు చాలదు. వేరే లైను, మంచి ఎర్తు వేయించండి.

అతకనప్పుడు కూడా హోల్డరులో 80 వోల్టుల వరకు ఉంటుంది. తడి చేతులకు అది ప్రాణాంతకం. పగిలిన హోల్డరు, చిట్లిన కేబులు మార్చిన తరువాతే పని మొదలుపెట్టండి. ఆ ఖర్చు కూడా కలుపుకొనే ధర మాట్లాడండి.