సాలీడుకు దక్కనిది, టెంకి చేపకు దక్కింది

సాలీడునూ చేపనూ పోల్చడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. మాకు మాత్రం ఈ పోలికలో మన హాస్టల్‌కు పనికివచ్చే సంగతి కనిపించింది.

రెండూ విషమున్నవే. సాలీడు విషం కోరల్లో ఉంటుంది, దానితోనే వేటాడుతుంది. టెంకి చేప విషం తోక మీది రంపపు ముల్లులో ఉంటుంది. అది వేటకు కాదు, ఇసుకలో దాగి ఉన్నప్పుడు ఎవరైనా తొక్కితే పొడవడానికి. సాలీడు గుడ్లు పెడుతుంది, టెంకి పిల్లల్ని కంటుంది. ఇంతవరకు సైన్సు మాస్టారు చెప్పే మాటలే.

అసలు తేడా పేర్లలో ఉంది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల గురించి పాట్రిక్ రస్సెల్ 1803లో పుస్తకం వేశాడు. చేపలకు మన తీరంలో పిలిచే పేర్లే రాసుకున్నాడు. అందులో ఒకటి ఆయన చెవికి ‘వోల్గ టెంకీ’ అని వినిపించింది. 1841లో జర్మన్ శాస్త్రజ్ఞులు ముల్లర్, హెన్లె ఆ మాటనే తీసుకుని ఒక టెంకి జాతికి ‘వాల్గా’ అని పేరుపెట్టారు. ఆ పేరు నేటికీ నిలిచి ఉంది. తెలుగు తీరంలో వినిపించిన మాట ప్రపంచ శాస్త్రంలోకి ఎక్కిందన్నమాట!

ఇక సాలీడు సంగతి. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో నీలంగా మెరిసే పెద్ద సాలీడు దొరికింది. పోకాక్ దానికి ‘పొయెసిలోథీరియా మెటాలికా’ అని పేరుపెట్టాడు. మెటాలికా అంటే లోహంలా మెరిసేదని. ఆ తర్వాత నూరేళ్ళ దాకా దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. అడవి తరిగిపోవడం వల్ల, పెంచుకోవడానికి పట్టి అమ్మేవారి వల్ల అది అంతరించే స్థితికి వచ్చిందని 2008లో ప్రకటించారు. దాని శాస్త్రీయ నామంలో తెలుగు ముక్క ఒక్కటీ లేదు. చెట్టు తొర్రల్లో ఉండే ఆ జీవిని కట్టెలకూ తేనెకూ వెళ్ళేవారు చూడలేదంటే మేము నమ్మం. చూసినవారు ఏదో పేరుతో పిలిచే ఉంటారు.

దమ్మపేట చుట్టూ అడవి ఉండేచోట ఆయిల్ పామ్ తోటలు పెరుగుతున్నాయి. పురుగులకూ చేపలకూ మన ఇళ్ళలో, కోయ ఇళ్ళలో పేర్లున్నాయి. హాస్టల్లో ఆ మాట అంటే పక్కవాడు నవ్వుతాడు. పరీక్షలో రాస్తే మార్కులు రావు. పరీక్ష సంగతి మన చేతిలో లేదు గాని, నవ్వడం మానడం మన చేతిలోనే ఉంది.

సెలవుల్లో అమ్మమ్మనో, పశువులు కాసే తాతనో అడిగి ఆ పేర్లు రాసుకొద్దాం. వచ్చే సంచికలో వాటికి నాలుగు పేజీలు కేటాయించాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాం. పూర్వ విద్యార్థులైన అన్నలూ తమకు గుర్తున్నవి రాసి పంపాలి.