ఇంటి నుంచే థియాలజీ పీజీ: కమిటీ అడిగిన మూడు ప్రశ్నలకు మా జవాబు

పోస్టు కొంచెం పెద్దది. టీ తాగుతూ ఓపిగ్గా చదవండి.

పోయిన నెల కమిటీ మీటింగులో మేము నలుగురం ఒక విన్నపం పెట్టుకున్నాం. బుధవారం సాయంత్రం మన సంఘం మేడమీది గది రెండు గంటలు కావాలి. పుస్తకాల బీరువాలో ఒక అర కావాలి. డబ్బు అడగలేదు. మేము దూరవిద్యలో ఎం.ఏ. థియాలజీ చదువుతున్నాం, కలిసి కూర్చుని చదువుకోవడానికి చోటు లేదు, అంతే. కమిటీలో మూడు ప్రశ్నలు వచ్చాయి. ఇది మతం పని కదా, మనది భాషా సంఘం కదా? పోస్టులో వచ్చే డిగ్రీ కూడా ఒక డిగ్రీయేనా? అరవై దాటాక ఈ చదువు ఎవరికి ఉపయోగం? విషయం ఆదివారం సర్వసభ్య సమావేశానికి వాయిదా పడింది. మూడూ న్యాయమైన ప్రశ్నలే. కోపం లేకుండా జవాబు చెబుతాం.

ఒక చిన్న మాట ముందే. మా క్రైస్తవుల ఇళ్లలో సంఘం అంటే చర్చి కూడా. తికమక పడకుండా ఈ పోస్టులో సంఘం అంటే మన అసోసియేషన్, చర్చిని చర్చి అనే అంటాం.

మేము ఎవరమో మీకు తెలుసు. మాలో ఒకామె నర్సు, ఒకామె స్కూలు టీచరు, ఒక అబ్బాయి ల్యాబ్ టెక్నీషియన్. పెద్దవాడు ఇది టైపు చేస్తున్న రిటైర్డ్ రైల్వే గుమాస్తా. నలుగురివీ పెరంబూరు, కొరుక్కుపేట వైపు ఇళ్లే. తాతల కాలంలో మిల్లు పనికి, రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబాలు. నలుగురం తమిళ మీడియంలోనే చదివాం. తెలుగు అక్షరాలు బళ్లో నేర్చుకోలేదు. ఇంట్లో బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాం.

ఈ చదువు ఎందుకు మొదలుపెట్టామో చెప్పాలి. మూడేళ్ల కింద ఐప్పసి వానల్లో మా చర్చిలో ఒక అవ్వ చనిపోయింది. అప్పటికి మా తెలుగు అయ్యగారు రిటైరై సొంత ఊరు వెళ్లిపోయారు. భూస్థాపన చేయడానికి తమిళ పాస్టరు గారు వచ్చారు. మంచి మనిషి. వానలో తడుస్తూ అంతా శ్రద్ధగా చేశారు. ప్రార్థన తమిళంలో, వాక్యం తమిళంలో, ఓదార్పు మాటలు తమిళంలో. మాకేం ఇబ్బంది లేదు. కానీ అవ్వ చెల్లెలు కావలి నుంచి రాత్రి బండిలో వచ్చింది. అంతా అయ్యాక సమాధుల గేటు దగ్గర మా ల్యాబ్ అబ్బాయి చెయ్యి పట్టుకుని, "మా అక్క గురించి ఏం చెప్పారు నాయనా?" అని అడిగింది. గొడుగు పట్టుకుని వాడు తనకు వచ్చిన తెలుగులో మొత్తం మళ్లీ చెప్పాడు. సగంలో ఆగిపోయాడు. పునరుత్థానం గురించి ఆమె ఒక ప్రశ్న అడిగింది, వాడికి జవాబు తెలియలేదు. ఆ రాత్రే నాకు ఫోన్ చేసి, "పెదనాన్నా, మనకు ఎవరైనా నేర్పుతారా?" అన్నాడు. అక్కడ మొదలైంది.

సెమినరీలో చేరి హాస్టల్లో ఉండి చదవడమే అసలు దారి అని మేమూ ఒప్పుకుంటాం. లైబ్రరీ పక్కనే ఉంటుంది, గురువు ముఖం చూస్తూ సందేహం అడగొచ్చు, తప్పు మాట్లాడితే తోటి విద్యార్థి అక్కడే దిద్దుతాడు. ఇంట్లో కూర్చుంటే అవేవీ ఉండవు. కానీ నైట్ డ్యూటీ నర్సు మూడేళ్లు సెలవు పెట్టగలదా? తల్లిదండ్రులను చూసుకునే అబ్బాయి జీతం వదిలి ఇంకో ఊరు వెళ్లగలడా? వెళ్లినవాళ్లు చాలామంది తిరిగి ఇక్కడికి రారు. మా చర్చికి కావలసింది ఇక్కడే ఉండే మనుషులు.

ఈ ఇబ్బంది మాకొక్కరికే రాలేదు. 1963లో గ్వాటెమాలాలో ఒక ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్లు ఇదే చూశారు. పల్లెల్లో నిజంగా చర్చిని నడిపే పెద్దలు పొలం, కుటుంబం వదిలి రాలేరు. అందుకని పాఠాన్నే వాళ్ల దగ్గరికి పంపారు. ఇంట్లో సొంతంగా చదవడం, చేస్తున్న పనిలో దాన్ని వాడి చూడడం, వారానికొకసారి గురువుతో కూర్చోవడం. ఇదే పద్ధతితో 1971లో బెంగళూరులో టాఫ్టీ అనే సంస్థ మొదలైంది. టెడ్ వార్డ్ అనే విద్యావేత్త దీన్ని కంచెతో పోల్చాడు: చదువు ఒక అడ్డుకర్ర, పని ఒక అడ్డుకర్ర, రెంటినీ పట్టి నిలబెట్టే గుంజలు ఆ వారం వారం కూర్చోవడాలు. మాలాంటి రైల్వేవాళ్లకు పట్టాలు, స్లీపర్లు గుర్తొస్తాయి. స్లీపర్లు తీసేస్తే పట్టాలు ఎంత గట్టివైనా బండి నడవదు. మేము బుధవారం గది అడిగేది ఆ స్లీపర్ల కోసమే. ఇంట్లో ఒంటరిగా చదివినప్పుడు మొదటి గ్రీకు పేపరు మాలో ఇద్దరం తప్పాం. కలిసి కూర్చున్నాక పాసయ్యాం.

ఇప్పుడు మొదటి ప్రశ్న, మతమా భాషా? మేము ఇవాంజెలికల్స్‌మి. అంటే బైబిలుకే పెద్ద పీట, సిలువ, మనిషి మారడం, ఆ మార్పు పనిలో కనబడడం. సంఘంలో అందరూ దీన్ని నమ్మాలని మేము అడగం. గదిలో ప్రచారం చేయం, కరపత్రాలు పంచం. కానీ భాషతో సంబంధం లేదంటే మాత్రం ఒప్పుకోం.

మన ఊరి సంగతే చూడండి. బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మిషనరీ తరంగంబాడి వదిలి 1720ల్లో మద్రాసు చేరాడు. బైబిలును తెలుగులోకి తిప్పాడు, అది అచ్చు కాలేదు. ఆయన తెలుగు చిన్న పుస్తకాలు 1740ల్లో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. తొలి తెలుగు అచ్చు పుస్తకాలు అవేనని చెబుతారు. తర్వాత 1812లో తెలుగు సువార్తలు బెంగాల్‌లోని సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇందులో మద్రాసు పాత్ర ఉంది, ఆంధ్ర బయటి ఊళ్ల పాత్ర ఉంది. బయట ఉన్న తెలుగువాళ్లు తెలుగులో థియాలజీ చదవడం వింతేమీ కాదు.

ఇంకో సంగతి. మా పాఠాలు ఇంగ్లీషులో, మా బుర్ర తమిళంలో, మా ప్రార్థన తెలుగులో. మొదటి ఏడాది ఇది పెద్ద తలనొప్పి. అసైన్‌మెంట్ ఇంగ్లీషులో రాయాలి కాబట్టి తమిళంలో ఆలోచించి, తెలుగు బైబిలు చూసి, ఇంగ్లీషులో కూర్చేవాళ్లం. తర్వాత అదే మాకు లాభమైంది. ఇంగ్లీషులో రిపెంటెన్స్ అంటే పశ్చాత్తాపం, బాధపడడం అన్నట్టు వినిపిస్తుంది. గ్రీకు మాట మెటనోయా. అంటే మనసు మారడం. మన తెలుగు బైబిల్లో ఉన్నది మారుమనస్సు. తమిళంలో మనందిరుంబుదల్, మనసు తిరగడం. మన రెండు భాషలూ ఇక్కడ గ్రీకుకు ఇంగ్లీషు కంటే దగ్గరగా ఉన్నాయి. ఇది కనుక్కున్న రోజు టీచరమ్మ ఆనందానికి అంతు లేదు.

అలాగే రిడెంప్షన్. తెలుగులో విమోచన అంటే మాకు పెద్ద పుస్తకం మాటలా ఉండేది. తమిళ బైబిల్లో మీట్పు. అడగు కొట్టులో పెట్టిన గొలుసును డబ్బు కట్టి విడిపించుకోవడాన్ని కూడా మన వీధిలో మీట్పు అనే అంటారు. గ్రీకు మాట వెనకా వెల కట్టి విడిపించడమే ఉంది. ఇప్పుడు మా అబ్బాయి చర్చిలో విమోచన అన్నప్పుడు తాకట్టు గొలుసు కథ తెలుగులో చెబుతాడు. ముసలివాళ్లు తల ఊపుతారు. ఇది భాష పని కాదా?

రెండో ప్రశ్న, ఇది డిగ్రీయేనా? ఇక్కడ కమిటీ అనుమానానికి కారణం మనమే. కొన్నేళ్ల కింద మనవాళ్లలో ఒకరు డబ్బు కట్టి డాక్టరేటు తెచ్చుకున్నారు. ఒక పేపరు రాయలేదు, ఒక పుస్తకం చదవలేదు. మనం స్టేజి మీద దండ వేశాం, గౌనుతో ఫొటో తీసి సంఘం గోడకు తగిలించాం. దండ పట్టుకున్నవాళ్లలో ఇది రాస్తున్నవాడు కూడా ఉన్నాడు. అప్పుడు ఎవరమూ ఏమీ అడగలేదు. ఇప్పుడు చదివేవాళ్లను అడుగుతున్నాం. అడగడం మంచిదే, ఆలస్యంగానైనా.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాం. మా సెమినరీకి ఉన్నది ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు. అది 1970లో మొదలైన ఇవాంజెలికల్ సెమినరీల కూటమి. దాన్ని సెమినరీలు, చర్చిలు లెక్కలోకి తీసుకుంటాయి. అది యూజీసీ గుర్తింపు కాదు. దాన్ని చూపించి సర్కారు ఉద్యోగం అడగలేం. సీరాంపూర్ సెనేట్ దారి వేరు. ఆ కాలేజీ 1818లో మొదలైంది, 1827లో డెన్మార్క్ రాజు దానికి డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు, 1918లో బెంగాల్ శాసనసభ చట్టం చేసింది. ఎవరికి ఏది కావాలో తెలుసుకుని చేరాలి. మేము ప్రమోషన్ కోసం చేరలేదు కాబట్టి మాకు ఇది చాలు.

మన పిల్లలెవరైనా ఇలాంటి కోర్సులో చేరాలంటే డబ్బు కట్టే ముందు ఇవి అడగమనండి. గుర్తింపు ఎవరిది, ఆ గుర్తింపు ఇచ్చిన సంస్థ జాబితాలో ఈ కాలేజీ పేరు ఉందా? పీజీలో చేరడానికి డిగ్రీ సర్టిఫికెట్ చూపించమంటున్నారా? పరీక్ష ఇన్విజిలేటర్ ముందు రాయాలా? పేపరు దిద్దేది ఎవరు, తప్పు ఎక్కడో రాసి పంపుతారా? పరీక్ష ఫీజు, పుస్తకాల ఖర్చు కలిపి మొత్తం ఎంత? ఫెయిలవుతారా? ఈ చివరిది ముఖ్యం. ఎవరూ ఫెయిలవ్వని చోట చేరకండి. మా మొదటి అసైన్‌మెంట్ తిరిగి వచ్చినప్పుడు పైన రాసి ఉంది, ఇది ప్రసంగం, వ్యాసం కాదు అని. వారం రోజులు మనసు బాగోలేదు. కానీ ఆ మాటతోనే మాకు నమ్మకం కుదిరింది.

దూరవిద్య అంటేనే చులకన చేసేవాళ్లకు ఒక మాట. మద్రాసు యూనివర్సిటీ 1981లో కరస్పాండెన్స్ విభాగం పెట్టింది. మన సంఘంలో ఎంతమంది గూడ్స్ షెడ్డులో, మిల్లులో, పోస్టాఫీసులో పని చేస్తూ అలా బి.ఏ. అయ్యారో లెక్క వేయండి. ఇది రాస్తున్నవాడి బి.ఏ. కూడా అదే. డ్యూటీ దిగి, స్టేషన్ బల్ల మీద పాఠాలు చదివి పాసైన డిగ్రీ. అప్పుడు సంఘంలో లడ్డూలు పంచాం.

మూడో ప్రశ్న, ఎవరికి ఉపయోగం? పాండిపెద్ది చెంచయ్య గారని మన తెలుగువాడు ఉండేవారు. పాస్టరు కాదు. లాయరు, పుదుక్కోట సంస్థానంలో జడ్జి. 1938లో మద్రాసులో వచ్చిన రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా అనే పుస్తకం రాసినవాళ్లలో ఆయన ఒకరు. ఆయన చెప్పినవన్నీ మా ఇవాంజెలికల్స్ ఒప్పుకోరు, మేమూ ఒప్పుకోం. కానీ ఉద్యోగం చేసుకునే మనిషి కూడా థియాలజీ గురించి గట్టిగా ఆలోచించవచ్చని ఆయన చూపించారు. అరవై దాటినవాడికి ఈ డిగ్రీతో పదవి రాదు. కానీ తర్వాతి అవ్వ పోయినప్పుడు గేటు దగ్గర ఎవరైనా తెలుగులో ప్రశ్న అడిగితే మధ్యలో ఆగిపోకుండా జవాబు చెప్పగలగాలి. ఆ పని రేపు మా అబ్బాయి చేస్తాడు. మేము ముగ్గురం వాడికి తోడుగా చదువుతున్నాం, వాడు మధ్యలో మానేయకుండా.

అందుకే అడుగుతున్నాం. బుధవారం గది, బీరువాలో ఒక అర. బదులుగా మేము చేసేది ఇది: ప్రతి బుధవారం మొదటి అరగంట, ఏ మతం వాళ్లైనా సరే, తెలుగు చదవడం రాని పిల్లలకు అక్షరాలు నేర్పుతాం. నేర్పేది మామూలు తెలుగు వాచకంతోనే, బైబిలుతో కాదు. మాట తప్పితే గది తాళం తీసుకోండి.

ఆదివారం తప్పకుండా రండి. ఒప్పుకోనివాళ్లు ముఖ్యంగా రండి, ఎదురుగా మాట్లాడుకుందాం. రాలేనివాళ్లు అభిప్రాయం కింద రాయండి. తెలుగు టైపు చేయడం రాకపోతే తమిళంలో రాసినా చదువుతాం.