రైస్ అంటే అన్నం కాదు



జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పుకున్న పంతులుకు ఇంగ్లీషు నామవాచకంతో పనేమిటని కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. పని ఉన్నది. మన పిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పుతున్న తీరు వారికి ఇంగ్లీషునూ రానివ్వడం లేదు, తెలుగునూ మిగల్చడం లేదు. ఇందుకు ‘రైస్’ అనే ఒక్క మాటే సాక్ష్యం.

ఏ పదాల పట్టిక తెరచినా రైస్ ఎదుట ‘బియ్యం, అన్నం’ అని ఉంటుంది. వల్లె వేయించి, అప్పజెప్పించుకొని, మార్కులు వేసి పంపుతారు. దీనిని పదజ్ఞానమంటే నేను ఒప్పను.

చేలో నిలిచినది వరి. నూర్చి రాశి పోస్తే వడ్లు. పొట్టు తీస్తే బియ్యం, విరిగితే నూకలు. ఉడికితే అన్నం, అందులో ఒక్క పలుకు మెతుకు. ఇంగ్లీషువారికి పైరూ రైసే, బియ్యమూ రైసే, అన్నమూ రైసే. వడ్లకు మాత్రం మలయ్ భాష నుండి ‘ప్యాడీ’ అనే మాటను తెచ్చుకున్నారు.

అంతమాత్రాన ఇంగ్లీషు పేద భాష అని చంకలు గుద్దుకునే భాషాభిమానులతోనూ నాకు పేచీయే. వరి వారి నేల పంట కాదు. రైస్ అనే మాట కూడా గ్రీకు మొదలు లాటిను, ఇటాలియను, ఫ్రెంచి భాషల మీదుగా వారికి చేరినదే. వారు తిని బతికిన గోధుమ దగ్గరకు వెళ్ళి చూడండి. పిసికిన పిండికి డో, కాల్చిన దిమ్మకు లోఫ్, పైపెచ్చుకు క్రస్ట్, రాలిన పొడికి క్రంబ్. ఏ జాతి కడుపు నింపిన పంటకు ఆ జాతి పేర్లు పెట్టుకుంటుంది.

ఇక వాడుక సంగతి. మన ఇళ్ళలో ‘బియ్యం అయిపోయాయి’ అంటాము, ‘అన్నం అయిపోయింది’ అంటాము. మాట రూపం ఏకవచనమే అయినా బియ్యానికి బహువచన క్రియ చేర్చడం మన అలవాటు. ఇంగ్లీషులో రైస్ లెక్కకు రాని నామం, మామూలు వాడుకలో దానికి ఏకవచన క్రియే. పిల్లవాడు ‘రైస్ ఆర్’ అని వ్రాస్తే ఎర్రసిరాతో కొట్టివేసి ఊరుకోవడం కాదు, ఆ తప్పు వెనుక అమ్మ మాట ఉన్నదని చెప్పగలిగినవాడే గురువు. తరగతిలో తెలుగు వినబడితే దండించే బడులలో ఆ మాట చెప్పేదెవరు?

అన్నం సంగతి మరీ వింత. ‘అద్’ అంటే తినడం. తినబడేది అన్నం. కనుకనే జొన్నన్నం, కొర్రన్నం అని తరతరాలుగా అంటున్నాము. వాటిలో వరిగింజ ఒక్కటీ లేదు. ‘అన్నం తిన్నారా?’ అంటే భోజనమయిందా అని అర్థం. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేవాణ్ణి ఇంగ్లీషువారు బ్రెడ్‌విన్నర్ అంటారు. అంటే పట్టికలో ఎక్కడా ఎదురుపడని అన్నమూ బ్రెడ్డూ వాడుకలో చుట్టాలు. ఈ చుట్టరికం తెలిసిన పిల్లవానికి రెండు భాషలూ వస్తాయి. గీతకు అటొకటి, ఇటొకటి బట్టీపట్టినవానికి ఏదీ రాదు.

ఇదంతా పండితుల చాదస్తమనేవారు 2021-22లో తెలంగాణ యాసంగి పంట మీద నడిచిన వివాదాన్ని గుర్తు చేసుకోవాలి. కేంద్రం వడ్లు కొనాలని రాష్ట్రం పట్టుబట్టింది. తాము తీసుకునేది బియ్యమని, అందులోనూ ఉప్పుడు బియ్యం వద్దని కేంద్రం తేల్చిచెప్పింది. కళ్ళంలో రాశుల ముందు కూర్చున్న రైతు బతుకు వడ్లు, బియ్యం, ఉప్పుడు బియ్యం అనే మూడు మాటల నడుమ వేలాడింది. పొలంలోనూ బస్తాలోనూ పళ్ళెంలోనూ ఉన్నది రైసే అనుకునే పిల్లలకు రేపు ఆ రైతు గోడు ఎలా అర్థమవుతుంది?

మాధ్యమం ఏదైనా కానివ్వండి. రైస్ అనే మాట చెప్పే రోజున పంతులు వరికంకి, గుప్పెడు వడ్లు, గుప్పెడు బియ్యం, ఒక ముద్ద అన్నం బల్ల మీద పెట్టి, ఒక్కొక్కదానికి మన పేరు చెప్పించి, ఆ తరువాత ఇంగ్లీషు వాక్యాలు కట్టించాలి. ఒక్క మాటకు ఒక గంట పడుతుంది. పట్టనివ్వండి. రోజుకు ఇరవై మాటలు అప్పజెప్పించుకోవడం కంటే అదే మేలు.

వడ్లు మొదలు మెతుకు దాకా మీ సీమలో ఇంకేమేమి మాటలున్నాయో తెలియజేస్తే సంతోషిస్తాను.