ముప్పై మందికీ పద్దెనిమిదే

మొన్న మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లి. భోజనాల దగ్గర పెళ్లికొడుకు బాబాయిగారు ఒక మాట అన్నారు. "ఏంటో వదినగారూ, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లట! సూది గుచ్చడానికి నాలుగేళ్లెందుకండీ, ఆర్నెల్లు చాలదూ? బీపీ మెషీన్ చెబుతుంది, ఆక్సిజన్ ఆ వేలికి పెట్టే క్లిప్పు చెబుతుంది. మిగతాది ఆయా చూసుకుంటుంది." పక్కనున్న నలుగురూ తలలూపారు. 31 ఏళ్లు నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. విస్తట్లో పులిహోర అలాగే ఉండిపోయింది.

ఆయనొక్కరి మాటే అయితే పెళ్లింట్లోనే వదిలేసి వచ్చేదాన్ని. డాక్టర్లూ అంటారు, ఆస్పత్రి యజమానులైతే జీతాల రోజున మరీ గట్టిగా అంటారు. కడుపు మండేదేమిటంటే, మా పిల్లలే అంటున్నారు. "మేడమ్, కాన్యులా ఎప్పుడు పెట్టనిస్తారు?" అని నా వెనకాలే తిరిగే పిల్ల, పక్షవాతం వచ్చిన పెద్దాయన నోరు శుభ్రం చెయ్యమంటే ముక్కు చిట్లిస్తుంది. అది ఆయా పనట!

సూది గుచ్చడం బ్రహ్మవిద్య అని ఎవరన్నారు? ఊరూరా ఆర్‌ఎంపీలు గుచ్చుతూనే ఉన్నారు. పిరుదు మీద దిగకూడని చోట దిగితే తుంటి నరం దెబ్బతిని మనిషి కాలీడ్చుకుంటూ నడుస్తాడు. ఎక్కడ గుచ్చకూడదో తెలియడమే అందులో చదువు. సరే, దాన్ని ఇక్కడితో వదిలేస్తాను. నా కోపం వేరే.

ఏ వార్డుకైనా వెళ్లి టీపీఆర్ చార్టులు తిరగేయండి. జ్వరం మారుతుంది, నాడి మారుతుంది. శ్వాస గడిలో మాత్రం 18, 18, 18. రాసే చెయ్యి మారిందని తెలియడానికన్నట్టు ఎక్కడో ఒక 20. వార్డులో ముప్పై మంది ఉంటే ముప్పై మందీ కోలాటం ఆడుతున్నట్టు ఒకే లెక్కలో ఊపిరి పీలుస్తున్నారన్నమాట! ఎవరూ లెక్కపెట్టరు. పెద్దవాళ్లకి 12 నుంచి 20 వరకూ మామూలే కాబట్టి మధ్యలో ఒక అంకె వేసేస్తే అడిగేవాడుండడు. నేను అడిగేదాన్ని. అందుకే స్టూడెంట్లు నాకు 'పద్దెనిమిది మేడమ్' అని పేరు పెట్టారు. పెట్టుకోనివ్వండి.

ఒంట్లో ఏదైనా తిరగబడుతోందంటే చాలాసార్లు బీపీ పడిపోవడానికి ముందే ఊపిరి వేగం అందుకుంటుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో 'న్యూస్' అని ఒక స్కోరు పట్టిక తెచ్చింది, రోగి విషమిస్తున్నాడని ముందుగా పసిగట్టడానికి. అందులో శ్వాస నిమిషానికి 25కి చేరితే ఆ ఒక్క గడికే మూడు పాయింట్లు, అంటే పూర్తి మార్కులు. బాబాయిగారి క్లిప్పు 97 చూపిస్తుంది, నిజమే. ఆ 97ని నిలబెట్టుకోవడానికి మనిషి నిమిషానికి ముప్పైసార్లు ఎగపోస్తున్నాడన్న సంగతి క్లిప్పుకి తెలియదు. మంచం పక్కన నిలబడ్డ మనిషికే తెలుస్తుంది, అదీ నిలబడితే.

లెక్కపెట్టడంలోనూ విద్య ఉంది. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయకూడదు, నిండా నిమిషం చూడాలి. చూస్తున్నామని రోగికి తెలియకూడదు. తెలిస్తే ఊపిరి మారిపోతుంది. అందుకే నాడి చూడటం అయిపోయినా మణికట్టు వదలకుండా, కళ్లు మాత్రం ఛాతీ మీదికి తిప్పాలి. ఇది ఆర్నెల్లలో రాదు. కొందరికి ఆరేళ్లకీ రాలేదు, వాళ్లలో ఇద్దరు ఇప్పుడు సూపరింటెండెంట్లు.

మెషీన్ మీద అంత నమ్మకం ఉన్నవాళ్లు దాని పట్టీ ఎలా కడుతున్నారో చూశారా? చొక్కా చెయ్యి మీదే చుట్టేస్తారు. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. మెట్లెక్కి వచ్చిన మనిషిని అయిదు నిమిషాలు కూర్చోనివ్వరు. మీట నొక్కేస్తారు.

ఇక ఆ "మిగతాది" సంగతి. ఆయాలంటే నాకు గౌరవమే, మాకంటే బరువు పనులు చేస్తారు. పక్కకి తిప్పమంటే తిప్పుతారు. కానీ నడుం కింద, మడమల దగ్గర ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి, ఆ ఎరుపు తగ్గుతోందా లేదా అని చూడటం ఎవరి పని? తగ్గకపోతే పడక పుండు మొదలైనట్టే. ఎవరికి ఆ ముప్పు ఎంతో అంచనా కట్టడానికి బ్రేడెన్ స్కేలు 1987 నుంచీ ఉంది, ఆరంటే ఆరు అంశాలు. మా కాలంలో వీపుకి స్పిరిట్ రాసి, పౌడర్ వేసి, ఎర్రబడ్డ చోట ఇంకా గట్టిగా రుద్దమని నేనే నేర్పాను. తప్పు. అక్కడ రుద్దితే లోపల కండ ఇంకా నలుగుతుంది. ఈ చిన్న సంగతి దిద్దుకోవడానికి నాకే ఏళ్లు పట్టింది. ముక్కు గొట్టంతో పాలు పోసేటప్పుడు తలవైపు ఎత్తకపోతే ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో పెట్టుకున్న ఆర్నెల్ల నర్సమ్మకి ఇది ఎవరైనా చెప్పారా?

అన్నట్టు, ఈ 'సిస్టర్' పిలుపొకటి. అక్కచెల్లెళ్లని పిలిచినట్టు పిలుస్తారు, జీతం దగ్గరా అదే వరస, ఇంటి ఆడపడుచుకి పసుపు కుంకుమ కింద ఇచ్చినట్టు. సుప్రీంకోర్టు చెప్పాక 2016లో వేసిన కేంద్ర కమిటీ, యాభై పడకలు లేని ప్రైవేటు ఆస్పత్రి కూడా నెలకి 20 వేలకి తగ్గొద్దంది. మీ వీధి చివరి నర్సింగ్ హోమ్‌లో అడిగి చూడండి.

"ముప్పై మందికి ఒక్క నర్సుంటే ఊపిరి లెక్కకే అరగంట పోతుంది కదండీ" అంటారు. పోనివ్వండి! బోధనాస్పత్రి వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. దానికోసం దెబ్బలాడండి, నేనూ వచ్చి కూర్చుంటాను. అంతేగాని దొంగ అంకె రాయకండి. విచిత్రం చూడండి, ఇక్కడ చేతులు కడుక్కోమంటే నవ్విన పిల్లలే బ్రిటన్ వెళ్లడానికి 'ఓస్కీ' పరీక్ష ఉందని కోచింగ్‌కి డబ్బు కట్టి, చేతులు కడగడం దగ్గర్నుంచీ మళ్లీ నేర్చుకుంటున్నారు.

మరి ఏం చెయ్యాలంటారా? మొదటి ఏడాది సూది చేతికివ్వకండి. సెకన్ల ముల్లున్న వాచీ ఇవ్వండి. ఒక మధ్యాహ్నం వాళ్లనే రెండు గంటలు మంచం మీద కదలకుండా పడుకోబెట్టండి. ఒక బ్యాచ్‌తో చేయించాను, నలభై నిమిషాలకే అందరూ ఒత్తిగిలారు. మిగతా సిలబస్ ఎక్కడ సర్దాలో కౌన్సిల్ వాళ్లు చూసుకోవాలి, నాకు ఓపిక లేదు.

భోజనాలయ్యాక బాబాయిగారు పందిట్లో కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీస్తున్నారు. ఎదురుగా కూర్చుని నిండా నిమిషం చూశాను. 24. తప్పేమోనని మళ్లీ చూశాను, అంతే. వాళ్లావిడని పక్కకి పిలిచి, ఒకసారి డాక్టరుకి చూపించండమ్మా, రేపే తీసుకెళ్లండి అన్నాను.

"రేపు సత్యనారాయణ వ్రతం కదండీ" అన్నారావిడ.